నిండు ట్యాంకు

ఏవండోయ్, కొత్త ఇంటి తాళాలు తీసుకోవాలని నేను ముందు బస్సుకి వెళ్తున్నాను. మీ బండి కోసం లారీవాళ్లు మధ్యాహ్నం వస్తారు. ట్యాంకులో పెట్రోలుంటే ఎక్కించుకోరట. మీరేమో దూరప్రయాణమని నిన్న నిండా కొట్టించారు! లారీలో కూర్చుని వెళ్లే బండికి దారిలో ఆకలేస్తుందా? డబ్బా, పైపు మెట్ల కింద ఉన్నాయి. నోటితో మాత్రం పీల్చకండి. పోయినసారి ముక్కు మూసుకుని మీతో కాపురం చేశాను. అద్దాలు విప్పి సంచిలో వేయండి.

అన్నట్టు, బండికి చుట్టిన దుప్పటి నాది. నేను బస్సులో వణుకుతూ పోవాలి, నా సవతి దుప్పటి కప్పుకుని దర్జాగా రావాలి! మర్యాదగా విప్పి సామాన్లలో పెట్టండి.

వద్దులెండి, విప్పకండి. దానిమీద గీత పడితే మీ ఏడుపు వినాల్సింది నేనే. హ్యాండిల్‌కి నా పాత చీర కూడా చుట్టాను.