నోట్లు ముందు చూశాను, బావా

బావా,

నువ్వు షేర్లు కొన్న ఆ జూట్ మిల్లు వార్షిక నివేదిక నిన్న పోస్టులో వచ్చింది. నువ్వు పోయాక కూడా నీ పేరుతోనే వచ్చేది. షేర్లు మార్పించాను కదా, ఈసారి కవరు మీద నా పేరుంది. విప్పబుద్ధి కాక పొద్దుటిదాకా బల్ల మీదే ఉంచేశాను.

మన పెళ్లైన కొత్తలో ఆమదాలవలస స్టేషన్లో ఇలాంటి పుస్తకమే నా చేతికిచ్చి, "ఒసే, ముందు నోట్లు సూడు" అన్నావు. డబ్బులేమో అనుకుని నేను పుస్తకం తలకిందులు చేసి దులిపాను. రైలు వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నావు.

"ఆ నోట్లు కాదే పిచ్చిదానా! ముందు పేజీల్లో ఆళ్ల గొప్పలుంటాయి. ఎనకాల సిన్న అచ్చరాల్లో వివరాలుంటాయి సూడు, ఆటినే నోట్లంటారు. నిజం అక్కడుంటాది."

ఈరోజు వెనక నుంచే మొదలుపెట్టాను. ముందు పేజీలో లాభం రెట్టింపైందని రంగుల్లో వేశారు. నోట్లు చూస్తే, గోనెసంచుల మీద వచ్చింది నష్టమే. ఆ లాభమంతా మిల్లు పక్క స్థలం అమ్మితే వచ్చింది. ఎవరూ చెప్పకుండా నేనే పట్టుకున్నాను. నీ పెన్సిల్‌తోనే కింద గీత గీసి, "బావా, దొరికింది!" అని గట్టిగా అనేశాను.

గోడ అవతల నుంచి పక్కింటి పిన్ని పలికింది.

"ఏటే, ఎవులితో మాటాడతన్నావు? బాగున్నావా?"

"ఎవులూ లేరు పిన్నీ. బాగానే ఉన్నాను" అన్నాను.

అది ముందు పేజీ, బావా.