వేరే కంచం

జమ్మలమడుగు

చెల్లెలు ఓబుళమ్మకు,

మేం బాగున్నాం, గొర్రెలూ బాగున్నాయి. నీ మనవరాలిని ఉయ్యాలలో వేసిన రోజు పులివెందులకు వచ్చి కూడా నేను బిడ్డను ఎత్తుకోలేదని నాతో మాట్లాడ్డం మానేశావు. ఎందుకో ఇప్పుడు రాస్తున్నాను. ఫోన్లో చెబితే మీ ఇంట్లో అందరూ వింటారు.

అంతకు ముందు వారమే ప్రొద్దుటూరు ఆసుపత్రిలో పరీక్ష చేసి, గర్భసంచి ముఖద్వారంలో వైరస్ ఉందన్నారు. కణాలు మాత్రం బాగానే ఉన్నాయట. డాక్టరమ్మ సూది వేయలేదు, మాత్ర ఇవ్వలేదు. "శానామందికి ఒళ్లే దాన్ని తరిమేస్తాదమ్మా, ఏడాదికి మళ్లా రా" అంది. మందు ఇవ్వలేదంటే జబ్బు ముదిరిందనుకున్నాను. ఇది ఇంకొకరికి అంటుతుందా అని అడగడానికి సిగ్గేసింది. జబ్బు గొర్రెను మందలోంచి తీసినట్టు నన్ను నేనే వేరు చేసుకున్నాను. వేరే కంచం, వేరే చెంబు. మీ బావ, "ఏందే, గాలికుంటు వచ్చిన గొర్రె మాదిరి మూలకు పోతాండావ్?" అని ఒకటే గొణుగుడు.

మొన్న మళ్లీ పరీక్ష చేస్తే వైరస్ లేదు! అది పైపొరలోనే నక్కి ఉంటుందట, రక్తంలోకి దిగదట. అందుకే ఒంట్లో కాపలా కణాలు దాన్ని పసిగట్టడానికే నెలలు పడుతుందట. పసిగట్టాక మాత్రం అది దాక్కున్న కణాలను వెతికి చంపుతాయట. నేను మూలన కూర్చుని ఏడుస్తుంటే నా ఒళ్లు తన పని తాను చేసుకుపోయింది. కంచం సంగతి చెబితే డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. "కలిసి తింటే, పిల్లను ఎత్తుకుంటే అంటేది కాదమ్మా ఇది!"

నువ్వూ ఆ పరీక్ష చేయించుకో. సిగ్గుపడితే నేనే లాక్కుపోతాను.

ఆదివారం వస్తున్నాను. పిల్ల నిద్రపోతున్నా సరే, లేపి నా చేతుల్లో పెట్టు. దించమన్నా దించను.

నీ అక్క