ఎర్రకోటు తొడుక్కున్న అన్నయ్యకి

అన్నయ్యా,

నువ్వు కన్నుమూసి ఇవాళ్టికి ఏడాది. నిన్న జగ్గయ్యపేటలో ఒక పెళ్ళి ఊరేగింపులో మీ నందిగామ బ్యాండు విన్నా.

ఎన్నో ఏళ్ళ కిందట, మనిద్దరం వాయించాల్సిన పెళ్ళిలో, పెళ్ళికూతురు పీటల మీద కూర్చున్నాక కూడా నీ డోలు రాలేదు. నేనొక్కణ్ణే సన్నాయి ఊదా. నువ్వు ఎర్రకోటు తొడుక్కుని బ్యాండులో చేరావని ఎవరో నవ్వుతూ చెప్పారు. అప్పట్నుంచీ బ్యాండు వినపడితే వీధి మారేవాణ్ణి.

నిన్న మారలేకపోయా. క్లారినెట్టాయన అచ్చం నాన్న సన్నాయి మీద వాయించినట్టే కల్యాణి రాగం వాయిస్తున్నాడు.

"ఎవరు నేర్పారయ్యా?" అనడిగా.

"మీ అన్నగారేనండి," అన్నాడు నా మొహంలో నీ పోలికలు చూసి. "నోటితో పాడి నేర్పారు."

ఊరేగింపు అయ్యేదాకా వాళ్ళ వెనకే నడిచా. బ్యాండు ఇంత బాగుంటుందనుకోలేదు. "నువ్వూ రారా తమ్ముడూ" అని ఒక్కమాట అనుంటే వచ్చేవాణ్ణి అన్నయ్యా. ఎందుకు అనలేదు?