పావొరాకు మిగిలిన మాట

టోకోమారు బే,
మార్చి, ఆదివారం.

ప్రియమైన హూహనా వదినకు,

ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేనూ ఏడవాలి కాబోలు అనుకుంటాను, ఏడుపు రాదు. అందుకని రాస్తున్నాను.

నీ తమ్ముడు పావొరా బాగానే తింటున్నాడు. కుడి చెయ్యి ఇంకా లేవలేదు. కర్ర పట్టుకుని వాకిలి దాకా వెళ్తాడు, సముద్రం చూసి వస్తాడు. పక్షవాతం వచ్చిన నాటి నుంచీ మాట మాత్రం ఆ ఒక్కటే. హోహా. టీ ఇస్తే హోహా, వాన పడితే హోహా, కుక్క వచ్చి ఒళ్ళో తల పెడితే హోహా. లోపల అన్నీ తెలుస్తాయట, నోటికి దారి తెగిపోయిందట. బాగా వాడిన మాట ఒక్కోసారి అలా మిగిలిపోతుందని గిస్బోర్న్ డాక్టరమ్మ చెప్పింది. "మీ ఆయన ఆ మాట ఎక్కువ వాడేవారా?" అని నవ్వుతూ అడిగింది. వాడేవాడన్నాను.

నీకు తెలుసుగా. విసిగించేవాటికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో అన్నీ అతను విడివిడిగా పంచిపెట్టేవాడు. ఈగలూ దోమలూ పోరెయారెయా. అల్లరి పిల్లలు హౌతుతూ. ఆటపట్టించే నేస్తాలు ఫకతోయ్. ఆ మాట అంటూనే వాళ్ళ భుజం మీద చెయ్యి వేసేవాడు. హోహా మాత్రం నాకు. ప్రాణం విసిగించేది, వదలనిది అని. తలుపు వెయ్యమంటే హోహా, తాగుడు తగ్గించమంటే హోహా, పెళ్ళైన కొత్తలో "నేనంటే ఇష్టమేనా?" అని అడిగినా హోహానే. అందరూ నవ్వేవాళ్ళు, నువ్వు కూడా. నేనూ నవ్వేదాన్ని. ఇన్నేళ్ళూ అది నాకు గుచ్చుకుంటోందని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడది కుక్కకీ వానకీ కూడా పోయింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఏమీ అనిపించలేదు. చలికి మొద్దుబారిన వేళ్ళతో గిన్నెలు కడుగుతున్నట్టుంది, నీళ్ళు వేడో చల్లనో తెలియదు.

అసలు సంగతి ఇది. గిస్బోర్న్‌లో వృద్ధాశ్రమంలో మే నెలాఖరుకు ఒక మంచం ఖాళీ అవుతుందట. సరేనన్నాను. అతన్ని అక్కడ దింపి నేను హేమిల్టన్‌లో మా చెల్లెలి దగ్గరికి పోతాను. తిరిగి రాను. అతనికి ఇంకా చెప్పలేదు. ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వకు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు.

నీ మరదలు,
మెరెయానా

టోకోమారు బే,
మే, గురువారం.

వదినా,

తియోపిరా చిన్నాన్న పోయిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. నువ్వు రాలేకపోయావు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

పనులన్నీ అయ్యేదాకా మన సభాస్థలం, మరాయె దగ్గరే ఉన్నాం, ఊరంతా. చిన్నాన్నని సభాఇంటి అరుగు మీద ఉంచారు, చుట్టూ ఆడవాళ్ళం కూర్చున్నాం. మన తరఫున మాట్లాడే పెద్దల బల్ల మీద ఇద్దరే మిగిలారు. పావొరా ఒకప్పుడు ఆ బల్లకి పెద్ద గొంతు కదా, అందుకని గౌరవంగా చివర్న కూర్చోబెట్టారు. ఊరికే కూర్చుంటాడనుకున్నాం.

వైరోవా ఊరివాళ్ళు పరామర్శకి వచ్చినప్పుడు మనవాళ్ళిద్దరూ మాట్లాడి కూర్చున్నారు. అప్పుడు కర్ర చప్పుడైంది. పావొరా లేచాడు.

హొరియానా అత్త నా మోచెయ్యి పట్టుకుంది. "వెళ్ళి కూర్చోబెట్టవే. పరాయివాళ్ళ ముందు నవ్వులపాలవుతాడు" అంది.

నేను కదల్లేదు. ధైర్యం కాదు వదినా, పట్టనితనం.

శవపేటిక వైపు తిరిగి మెల్లగా "హోహా" అన్నాడు. మమ్మల్ని ఇలా వదిలిపోతావా అని పోయినవాళ్ళని నిలదీస్తారు కదా మనవాళ్ళు, అలాగ. తర్వాత కర్ర ఎత్తి కొండని చూపించి, పూర్వీకుల పేర్లు చదివినట్టు వరసగా అదే అన్నాడు. వచ్చినవాళ్ళ వైపు తిరిగి స్వాగతం చెప్పాడు. నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు, గొంతు పెంచి, తగ్గించి, అంతా ఆ ఒక్క మాటతోనే. ఎవరో పిల్ల కిసుక్కుమంది, వాళ్ళమ్మ నోరు మూసింది. వైరోవా పెద్దాయన తల వంచుకుని "నిజం" అన్నాడు. ఆ తర్వాత ప్రతి విరామానికీ అవతలివాళ్ళు "నిజం, నిజం" అంటూనే ఉన్నారు.

ఆగాడు. మాట ముగిసిందంటే పాట పడాలి, పాట పడకపోతే ఆ మాట నిలబడదు. ఇది ముగిసినట్టా కాదా అని ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అతను ఎవరివైపూ చూడలేదు. కర్ర మీద వణుకుతూ అలాగే నిలబడ్డాడు. నేను లేచానని నాకు తెలిసేసరికే పాట ఎత్తుకున్నాను.

మరీ పైకి ఎత్తేశాను. రెండో పాదానికల్లా ఎవరి గొంతూ అందలేదు. అయినా ఎవరూ మానలేదు.

తర్వాత వంటింట్లో హొరియానా అత్త అందుకుంది. "పాట ఎత్తమంటే కొండెక్కించావేంటే? నా గొంతు చీరుకుపోయింది."

"దింపుదామని నేను చూస్తే వింటేగా ఈవిడ" అని ఇంకొకామె.

అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. సిగ్గేసింది వదినా. అతను పడిపోయిన నాటి నుంచీ నాకు ఏదైనా అనిపించడం అదే మొదలు. వేయించిన రొట్టె చేత్తో పట్టుకుని కదలకుండా నిలబడ్డాను, కదిలితే ఆ సిగ్గు కూడా పోతుందేమోనని.

ఇంటికొస్తూ దారిలో కారు ఆపి ఆశ్రమం సంగతి చెప్పేశాను. మొత్తం విన్నాడు. ఎడమచెయ్యి ఎత్తి తన గుండె మీద వేసుకుని అన్నాడు, అదే మాట. తననే.

"అవును, నువ్వే. ఇన్నేళ్ళూ నువ్వే. నన్నంటూ వచ్చావు" అన్నాను.

తలూపాడు. కలప లారీలు పక్కనుంచి పోతూంటే కారు ఊగింది.

మర్నాడు ఆశ్రమానికి ఫోన్ చేసి ఆ మంచం ఇంకెవరికైనా ఇమ్మన్నాను. క్షమించేశానని కాదు. రోజూ పొద్దుటిపూట అతన్ని తీసుకెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టుకుంటామని పెద్దలు వచ్చారు. మాట లేని మనిషితో మీకేం పని అంటే, "ఒకటుందిగా, మాలో కొందరికి అదీ లేదు" అన్నారు. ఆ కాసేపు ఇల్లు నాది.

నేను ఉంటున్నానని సంతోషపడి ఊరుకోకు. జూలైలో పెర్త్ నుంచి వచ్చి రెండు వారాలు నీ తమ్ముడి దగ్గరుండు. టికెట్ కొన్నాక ఉత్తరం రాయి, ముందు కాదు. నేను చెల్లెలింటికి పోయి తలుపేసుకుని పడుకుంటాను.

మెరెయానా