నేను నవ్వకుండా ఉండాల్సింది

మంగళవారం రాత్రి

నాన్నగారి స్కాన్ చూశాక డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు. "ఇంకో పరీక్ష చేయాలి, ఆలస్యం చేయకండి," అన్నారు. నాన్నగారికి మాత్రం కంగారేం లేదని చెప్పాను.

తిరిగొచ్చేటప్పుడు గోదావరి దాటడానికి నర్సాపురం రేవులో పంటు ఎక్కాం. టికెట్లిచ్చే అతణ్ణి నాన్నగారు ఎప్పటిలాగే అడిగారు: "ఈతొచ్చినోళ్లకి సగం టికెట్టేనాండీ?"

"ఆయ్, అలాగేనండీ. సగం దూరంలో దిగిపోవాలి మరి," అన్నాడతను, ఎప్పటిలాగే.

చిన్నప్పటి నుంచీ ఇదే జోకు. ప్రతిసారీ తల పట్టుకుని, "అబ్బా, చాలు నాన్నగారూ!" అంటాను. ఆయనకు కావలసిందీ అదే. నేను విసుక్కుంటేనే మీసాల చాటున నవ్వుకుంటారు.

ఇవాళ విసుగు రాలేదు. ఈ జోకు ఇంకెన్నిసార్లు వింటానో అని భయమేసింది. ఆ భయం ఆయనకు కనపడకూడదని గట్టిగా నవ్వేశాను.

నాన్నగారు నవ్వలేదు. అవతలి ఒడ్డు వచ్చేదాకా నీళ్లకేసే చూస్తూ నిలబడ్డారు. సఖినేటిపల్లిలో దిగాక నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగారు: "డాక్టరుగారు నిజంగా ఏమన్నారమ్మా?"

ఏమీ అనలేదన్నాను. ఇది రాసే వేళకి ఆయన గదిలో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.