ఎవరూ తొక్కని చోటు

2024 నవంబర్ 26, మంగళవారం

నేను సుబ్బులు. డెబ్బై నాలుగేళ్లు. నాకు అక్షరం రాదు, మాట వచ్చు. ఫోన్‌లో మైక్ బొమ్మ నొక్కి మాట్లాడితే అదే తెలుగులో రాసుకుంటుందని నా కూతురు జయంతి చూపించింది. జరిగింది జరిగినట్టు తేదీతో సహా చెప్పిపెట్టమ్మా, రేపు అడిగితే చూపించొచ్చు అంది. ఇదిగో చెబుతున్నాను.

దేశం కాని దేశంలో, ఈ నేపర్‌విల్‌లో జయంతికి లాండ్‌స్కేపింగ్ కంపెనీ ఉంది. లైసెన్స్ దాని పేరు మీద, మట్టి సంగతి నా పేరు మీద. ఎండాకాలం గడ్డి పని, చలికాలం మంచు తీసే పని. మొన్న శనివారం దివాకర్ అనే అతని ఇంటి ముందు గడ్డి విత్తనం చల్లాం. పైపులకని తవ్వి పాడుచేసిన నేల అది. సెప్టెంబర్‌లో పిలవాల్సిన మనిషి నవంబర్‌లో పిలిచాడు. ఇప్పుడు చల్లితే మొలిచి చలికి చస్తుంది, నేల గడ్డకట్టాక చల్లుదాం అన్నాను. మా మార్కాపురం వైపు వానకు ముందే పొడి దుక్కిలో విత్తుతాం. విత్తనం నిద్రపోతుంది, వాన వచ్చి లేపుతుంది. ఇక్కడ లేపేది కరిగిన మంచు. అంతే తేడా. చల్లించి, చుట్టూ తాడు కట్టి, ఎవరూ తొక్కవద్దని బోర్డు పెట్టించాను.

దివాకర్ వచ్చి బూటుతో నేలను తన్ని చూశాడు. రాయిలా ఉంది. ఏంటమ్మా, ఫ్రీజర్‌లో విత్తనాలు దాచారా అన్నాడు. నీ బుర్రలో చోటు లేక ఇక్కడ దాచాను నాయనా అన్నాను. జయంతి నా చెయ్యి గిల్లింది.

సాయంత్రానికల్లా వాళ్ల కాలనీ వాట్సాప్‌లో ఆ నేల ఫోటో. నిన్న సిటీకి అతని కంప్లయింట్. ఐస్ మీద విత్తనం చల్లి మోసం చేశామట. ఏప్రిల్ 24న ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తుందట. గడ్డి ఉంటే లైసెన్స్ రెన్యూ అవుతుంది, లేకపోతే ఆగిపోతుంది. ఆగితే వసంతం పనులన్నీ పోయినట్టే. మా కంపెనీకి ప్రాణం ఆ మూడు నెలలే.

జయంతి అన్నం తినలేదు. నేను రెండోసారి వడ్డించుకున్నాను. ఒళ్లంతా హుషారుగా ఉంది. మట్టికీ అతనికీ పందెం పడితే ఎవరు గెలుస్తారో నాకు తెలియదా?

డిసెంబర్ 4

మిగిలిన విత్తనం వంద గింజలు తడిగుడ్డలో మూటగట్టి వాటర్ హీటర్ పక్కన పెట్టాను. ఈరోజు విప్పాను. ఎనభై ఏడు మొలకెత్తాయి. జయంతి చేత ఫోటో తీయించాను. నా వేలు కూడా ఫోటోలో పడాలని పట్టుబట్టాను. సాక్ష్యం.

డిసెంబర్ 7

ఇండియన్ స్టోర్‌లో దివాకర్ భార్య చంద్రిక కనిపించింది. చంకలో ఏడాది పిల్లాడు, ఆరవ్. మొగుడి పని తలుచుకుని తల దించుకుంది. నీతో నాకు తగువేం లేదు తల్లీ అన్నాను. బర్త్‌డే పార్టీ అయినప్పటినుంచి పిల్లాడు ముద్ద ముట్టడం లేదు, రాత్రంతా ఏడుపే, డాక్టర్ ఏమీ లేదంటోంది పిన్నిగారూ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అంతమంది కళ్లు పడితే ఏడవడా? ప్రతి ఆదివారం గుప్పెడు కల్లుప్పుతో దిష్టి తీసి, ఎవరూ తొక్కని చోట పారెయ్యి అని చెప్పాను. ఆయన చూస్తే నవ్వుతారండీ అంది. చూడకుండా తియ్యి అన్నాను.

జనవరి 21

మైనస్ ఇరవైలో ఉంది. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టాయి. అతని ఇంటి మంచు తీసే కాంట్రాక్ట్ కూడా మాదే, ఏప్రిల్ దాకా. మంచు కరగడానికి ఊరంతా చల్లే ఉప్పు అతని డ్రైవ్‌వే మీద మాత్రం చల్లవద్దు, ఇసుక చల్లండి అని మా వాళ్లకు పదిసార్లు చెప్పాను. ఉప్పు దిగిన మట్టిలో ఏదీ మొలవదు.

ఫిబ్రవరి 12

మంచు. పడనీ. నా విత్తనానికి దుప్పటి.

మార్చి 30

ఉగాది. పచ్చడి నాలుక మీద ఉండగానే వెళ్లి చూశాను. మంచు పోయింది. నేల నెర్రెలు విచ్చింది. గింజలు ఆ నెర్రెల్లోకి దిగిపోయి ఉన్నాయి. చలి స్వయంగా దున్నిపెట్టింది. దివాకర్ కారు అద్దం దించి, ఏదండీ గడ్డి అన్నాడు. తొమ్మిదో నెలలో బిడ్డ ఏదని అడగవు కదా అన్నాను.

ఏప్రిల్ 16, పొద్దున ఏడు

వచ్చింది. వచ్చింది. పిల్లాడి నెత్తి మీద మొదటి జుట్టులా, నేలకు చెంప ఆనించి చూస్తే పచ్చగా. మోకాళ్ల మీద కూర్చుని లేవలేకపోయాను. జయంతి లేపింది. లేపుతూ ఏడ్చింది.

ఏప్రిల్ 20, ఆదివారం

అంతా వచ్చింది, ఒక్క చోట తప్ప. మెట్లకు ఎడమపక్క, తాడు లోపల, చేటంత మేర బోడిగా ఉంది. వేలితో మట్టి తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పన.

జయంతి గుండెలు బాదుకుంది. మన ట్రక్కే చల్లి ఉంటుందమ్మా, ఇన్‌స్పెక్టర్ అదే రాస్తుంది అంది. నాకు మాత్రం ఆ దివాకరే పోశాడనిపించింది. గడ్డి మొలిస్తే మాట పోతుందని కావాలని పోశాడు. రానీ, అతని అంతు చూస్తాను అని ట్రక్కులో కూర్చుని కాపు కాశాను.

సాయంత్రం తలుపు తీసుకుని చంద్రిక వచ్చింది. చంకలో ఆరవ్, బుగ్గలు బూరెల్లా ఉన్నాయి. కుడిచేతి పిడికిలి మూడుసార్లు వాడి చుట్టూ తిప్పి, తాడు లోపలికి విసిరి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఇరవై ఆదివారాలు. ఎవరూ తొక్కని చోట పారెయ్యమన్నది నేను. ఆ చోటికి తాడు కట్టి బోర్డు పెట్టిందీ నేనే.

ఏప్రిల్ 23

జయంతి నోరు మూసుకోమంటోంది. ఉప్పు అతని ఇంట్లోంచే వచ్చిందని చెబితే చాలట, మిగతాది వాళ్లు వాళ్లు చూసుకుంటారట. చంద్రికను ఆ మనిషి ముందు నిలబెట్టి నేను పక్కకు తప్పుకోవాలా? పొలంలో కూలికి తప్పుగా చెప్పి పైరు పోతే కూలిని తిట్టే రకం కాదు నేను. అలాగని లైసెన్స్ పోతే జయంతి పన్నెండేళ్ల కష్టం పోతుంది. నిద్ర పట్టలేదు. ఇన్ని నెలల్లో ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 24

ఇన్‌స్పెక్టర్ పొడుగాటి ఆడమనిషి. వంగి గడ్డి చూసింది, ఫోటోలు తీసింది. నేను మొలక మూట ఫోటో చూపించాను. తల ఊపింది. దివాకర్ ఆమెను చేయి పట్టినంత పని చేసి మెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు. ఇదిగో చూడండి, వీళ్ల ట్రక్కు ఉప్పు అన్నాడు.

ట్రక్కు కాదు, నేను అన్నాను. జయంతీ, ఇంగ్లీషులో చెప్పు, ఒక్క ముక్క వదలకుండా. పిల్లాడికి దిష్టి తగిలిందని ఉప్పు విసరమన్నాను. ఎక్కడ విసరకూడదో చెప్పలేదు. మట్టి తెలిసినదాన్ని, చెప్పాల్సింది. తప్పు నాది. ఎవరికి చెప్పానో మాత్రం అడగొద్దు.

జయంతి అంతా చెప్పింది. ఇన్‌స్పెక్టర్ కళ్లజోడు తీసేసి, ఈవిల్ ఐ అంటే, అదే మన దిష్టి, ఏమిటని మళ్లీ అడిగింది. దివాకర్ నవ్వబోయాడు. అప్పుడు చంద్రిక బయటకు వచ్చింది. నేనేనండీ వేసింది, మీరు నవ్వుతారని చెప్పలేదు, వీడు తింటున్నాడు కదా, ఆ పుణ్యం ఈవిడదే అంది. ఆరవ్ అరటిపండు మొహమంతా పూసుకుని తింటున్నాడు. దివాకర్ నవ్వు సగంలో ఆగింది. పిల్లాణ్ని ఎత్తుకుని, బరువెక్కాడు అని మాత్రం అన్నాడు.

విత్తనం మంచిది, పని సరిగానే చేశారు, ఆ ముక్క మట్టి మార్చి మళ్లీ చల్లండి అని ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టింది. లైసెన్స్ వచ్చినట్టే. పెన్ను జేబులో పెట్టుకుని, వాళ్ల అమ్మమ్మ కూడా ఏదో భుజం మీదుగా విసిరేదని చెప్పింది.

ఏప్రిల్ 27, ఆదివారం

చంద్రిక పిల్లాడితో మా ఇంటికి వచ్చింది. దివాకరే డ్రైవ్ చేసి తెచ్చాడు. కారు దిగకుండా, ఎక్కడ పారెయ్యమంటారండీ అని అడిగాడు. దిగు, నీకూ తీస్తాను అన్నాను. దిగాడు. ముగ్గురికీ తీసి, ఆ ఉప్పు మా స్నో ట్రక్కు ఉప్పు తొట్టిలో వేశాను. డిసెంబర్‌లో ఊరంతా చల్లుతాం.