పైపులు గడ్డకట్టకుండా

వాటర్లూ,
డిసెంబర్ 4, 2023

అక్కయ్యగారూ,

మీ అబ్బాయి ఊరు కనాటాలో చలి మిమ్మల్నీ రామ్మోహన్ బావగారినీ మరీ ఇబ్బంది పెట్టడం లేదని తలుస్తూ, చంద్రిక నమస్కరించి రాస్తున్నది. బావగారి మోకాలు ఎలా ఉంది? మీరు వెళ్లాకైనా కిట్టు ఆ డబ్బా సూపులు మానేసి మీ చేతి వంట తింటున్నాడా? ఇక్కడ మీ ఇల్లు భద్రంగా ఉంది. మీరు చెప్పినట్టే వారానికోసారి వెళ్లి కుళాయిలు తిప్పి చూస్తున్నాను. హీటర్ ఆగకుండా చూస్తున్నాను. నీళ్లు గడ్డకట్టి పైపులేవీ పగల్లేదు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటారు. ఫోన్‌లో మీరు నన్ను ఒక్క వాక్యం పూర్తి చేయనివ్వరు. పైగా చంద్రికకి సందేహం తీరేలోపు కాఫీ చల్లారిపోతుందని మీరే అంటారు కదా. ఈసారి చల్లారినా సరే, చివరిదాకా చదవండి.

నిఖిల సంగతి కనుక్కోమని నాకు అప్పగించి వెళ్లారు. వరంగల్ నుంచి ఇక్కడ మాస్టర్స్ చదవడానికొచ్చి, గుడిలో మనందరి మనసూ దోచుకున్న పిల్ల. పొద్దున్నే మనం వెళ్లేసరికి తలస్నానం చేసి, జడ కొసనుంచి నీళ్లు కారుతూ ముగ్గు వేస్తూ ఉండేది. ఇంత చలిలో ఏం నిష్ఠ అని పద్మగారు కళ్లు తుడుచుకునేవారు. ప్రసాదం తప్ప ఇంకేదీ ముట్టదని చెప్పుకున్నాం. అందరం ఇళ్లకు బయల్దేరుతుంటే తను గిన్నెలు తోముతూ ఉండేది. ఆ అక్కని చూసి నేర్చుకోండని మన పిల్లలకు చెప్పాం, వాళ్లు కళ్లు తిప్పారు. మీరు నా చెవిలో, ఇలాంటి పిల్ల మా కిట్టుకి దొరికితే ఇంకేం కావాలే అన్నారు. ముందు కిట్టు 'మామ్, ప్లీజ్' అనకుండా చూడండి అని నేనన్నాను. ఎవరితో ఉంటుందో, ఇల్లెక్కడో కనుక్కోమన్నారు.

అడిగాను. యూనివర్సిటీ దగ్గర ఫ్రెండ్స్‌తో ఉంటానాంటీ అంది. వీధి పేరూ చెప్పింది. ఆ తర్వాత గుడికి రావడం మానేసింది. పరీక్షలేమో అనుకున్నాం.

మీ మాట నిలబెట్టాలని ఒక మధ్యాహ్నం ఆ వీధికి వెళ్లాను. ఇంటి కిటికీలకు చెక్కలు కొట్టి ఉన్నాయి. యజమాని బేస్‌మెంట్‌లో ఉండాల్సినదానికంటే ఎక్కువమందిని పెట్టాడని, సిటీవాళ్లు సెప్టెంబర్‌లోనే ఖాళీ చేయించారట. మూలమీది దుకాణంలో పనిచేసే స్వీటీ అనే అమ్మాయి చెప్పింది. తనూ అక్కడే ఉండేదట. మేమంతా తలో దిక్కు పోయినం ఆంటీ, నిఖిల గుడి దిక్కు పోయింది అని నవ్వింది. నేను నవ్వకపోయేసరికి తనూ ఆపేసింది.

అప్పుడు అర్థమైంది నాకు, అక్కయ్యగారూ. ఆ తలస్నానం గుడి కింద ఉన్న స్నానాలగదిలో. పూజారిగారు తలుపు తీయగానే వెళ్లి చేసేది. రాత్రంతా తెరిచి ఉండే యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని తెల్లవారగట్ల అక్కడికి వచ్చేదని స్వీటీయే చెప్పింది. ప్రసాదం తప్ప ఏమీ ముట్టలేదంటే, ప్రసాదం తప్ప ఏమీ దొరకలేదని. అందరికంటే చివర వెళ్లిందంటే, వెళ్లడానికి చోటు లేక. మన కళ్లెదుట ఒక మనిషి ఇల్లు లేక తిరుగుతుంటే, మనం దానికి భక్తి అని పేరు పెట్టి దణ్ణం పెట్టాం.

రావడం ఎందుకు మానేసిందో కూడా తెలిసింది. స్నానాలగది నేల అస్తమానం తడిగా ఉంటోందని, ఎవరో వేడినీళ్లు దుబారా చేస్తున్నారని మన వీరభద్రరావుగారు దానికి నంబర్ల తాళం వేయించారు. కమిటీ అధ్యక్షులు కదా, ఆయన బాధ్యత ఆయనది. నేను తప్పుపట్టలేను.

కమిటీలో మాట్లాడాను. ఈ చలికాలం కింది హాలు స్టూడెంట్లకి తెరుద్దాం అన్నాను. ఖాళీ గదులున్న ఇళ్లవాళ్లం మనమే ఒకరికొకరం చెప్పుకుని, ఇంటికొక్కరిని ఉంచుకుందాం అన్నాను. ఇన్సూరెన్స్ ఒప్పుకోదమ్మా అన్నారు వీరభద్రరావుగారు. మన పిల్లల్లో అలాంటివాళ్లు ఎవరుంటారండీ, అంత కష్టమైతే తిరిగెళ్లిపోరూ అన్నారు ఇంకెవరో. చివరికి ఊళ్లో ఇల్లు లేనివాళ్లు తలదాచుకునే షెల్టర్‌కి దుప్పట్లు ఇవ్వాలని తీర్మానించి చప్పట్లు కొట్టారు. దుప్పట్లు వచ్చాయి కూడా. పంచేదాకా తాళం ఉన్న చోట పెట్టాలని ఆ స్నానాలగదిలోనే పేర్చారు. పైకప్పుదాకా ఉన్నాయి.

అప్పటినుంచి నాకు ఆ పిల్లే కనిపిస్తోంది. బస్‌స్టాప్‌లో నల్ల కోటు వేసుకున్న ప్రతి అమ్మాయీ తనే. గుడిలో పాలరాతి మీద నీటి చుక్క పడితే తల ఎత్తి చూస్తాను. ఎవరూ ఉండరు. కిందటి ఆదివారం మీ ఇంట్లో కుళాయిలు తిప్పి, ఒక్క నిమిషం సోఫాలో కూర్చున్నాను. ఎవరో పిలిచినట్టు హీటర్ దానంతట అదే మొదలైంది. వెచ్చటి గాలి గది గదికీ వెళ్లి, ఎవర్నో వెతికి, ఎవరూ లేక ఊరుకున్నట్టనిపించింది. నాకు భయమేసింది. ఖాళీ ఇల్లు చల్లగా ఉంటే ఇంత భయం వేయదేమో.

ఆ మర్నాడే రైలులో కనిపించింది. ఊళ్లో తిరిగే మన చిన్న రైలే. ఆ చివరి స్టేషన్‌లో దిగి, మళ్లీ అదే రైలు ఎక్కి ఈ చివరికి వస్తోంది. ఎక్కడ తలస్నానం చేసిందో, జడ తడిసి, బయటి చలికి కర్రలా బిగుసుకుపోయి ఉంది. నన్ను చూడగానే మొదట అడిగింది, గుడిలో ఎవరికైనా చెప్పారా ఆంటీ అని. షెల్టర్‌కి వెళ్లావా అంటే, నిండిపోయిందన్నారు, ఖాళీ ఉన్నా భయమే అంది. ఇంటికి చెప్పలేదట. అమ్మ వీడియో కాల్ చేస్తే లైబ్రరీ గోడ ముందు కూర్చుని, ఇదే నా రూమ్ అని చూపిస్తుందట.

మా ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టాను. మా ఒంటి గది అపార్ట్‌మెంట్ మీకు తెలుసు. ఆపరేషనయ్యాక అత్తగారు హాల్లోనే పడుకుంటున్నారు. అదంతా చూసి, తిన్న కంచం కడిగి, వెళ్తానాంటీ అంది. నేను ఆపలేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ చలికాలం మీ ఇంట్లో ఆ పిల్లను ఉండనివ్వండి. పెళ్లి మాట వదిలేయండి, తనకి ఆ సంగతే తెలియదు. ఒక్క నిఖిలని లోపలికి రానిస్తే ఊరు బాగుపడుతుందా అని బావగారు అడుగుతారు. నేనూ అదే ప్రశ్నించుకుంటున్నాను. ఆ రైల్లో ఇంకెంతమంది ఉన్నారో చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. ఇది దయా, నా భయం తగ్గించుకునే ఉపాయమా అన్నదీ తేలలేదు. అయినా పైపుల కోసం మీరు ఇల్లంతా వెచ్చగా ఉంచుతున్నారు. ఆ వెచ్చదనంలో ఒక మనిషి ఉంటే తప్పేమిటో, ఎంత ఆలోచించినా నాకు తోచడం లేదు.

బావగారికి నమస్కారాలు. కిట్టుకి ఆశీస్సులు.

మీ చెల్లెలనుకునే
చంద్రిక

తా.క. ఆపలేదని రాశాను. తలుపు మూసుకున్నాక చెప్పులు కూడా లేకుండా మెట్లమీద పరుగెత్తి పట్టుకున్నాను. ఇది మీ వంటింటి బల్లమీద కూర్చుని రాస్తున్నాను. నిఖిల పైన చిన్న గదిలో నిద్రపోతోంది. మీ మంచం వాడనని నేలమీద పడుకుంది. శకుంతల ఆంటీ నిజంగా ఒప్పుకున్నారా అని అడిగింది, ఒప్పుకున్నారని చెప్పాను. థాంక్స్ చెప్తాను, ఫోన్ కలపమంది. మాట దాటేశాను. నేను ఫోన్ చేస్తే మీ జవాబు వెంటనే వచ్చేసేది. ఉత్తరమైతే, మీకు చేరేదాకా ఆ పిల్ల ఇక్కడ ఉంటుంది. సరే అంటే వెంటనే ఫోన్ చేయండి అక్కయ్యగారూ. వద్దంటే మాత్రం, మీరూ ఉత్తరమే రాయండి.